పీఎస్ఏ సరే, లుంగీల సంగతో?

నాన్నకి క్యాన్సర్ అని ప్రోస్టేట్ గ్రంథి తీసేసి ఐదు నెలలైంది. నరసన్నపేటలో మా వీధిలో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న, "ఏటి బావూ, ఆపరేషన్ సక్సెసేనా" అని. సక్సెసే. గ్రంథి మొత్తం తీసేశాక, అది తయారుచేసే పీఎస్ఏ అనే ప్రొటీన్ రక్తంలో దాదాపు కనపడనంత తగ్గాలి, ఆరు వారాలకి పరీక్ష చేయిస్తే 0.1 కంటే తక్కువే వచ్చింది. ఇకముందు అది 0.2కి చేరి, రెండోసారి చేసినా తగ్గకపోతే అప్పుడు తిరగబెట్టిందేమోనని చూస్తారు. ఆ రిపోర్టు పట్టుకుని నేను స్వీట్లు కొనుక్కొచ్చేసరికి నాన్న పెరట్లో తన లుంగీ తనే ఉతుక్కుంటున్నాడు. అమ్మకి ఇవ్వాలంటే సిగ్గు.

విశాఖలో మేం వెళ్లిన ఆసుపత్రిలో రోబోతో చేసే ఆపరేషన్ గురించి అరగంట చెప్పారు. కోత చిన్నది, రక్తం తక్కువ పోతుంది, తొందరగా ఇంటికెళ్లిపోవచ్చు, అన్నీ నిజాలే. మూత్రం కారుతుందన్న మాట మాత్రం సంతకం పెట్టించుకున్న కాగితాల్లో ఎక్కడో ఉంది. తర్వాత ఇంకో డాక్టరు బొమ్మ గీసి చూపిస్తే గానీ నాకు తలకెక్కలేదు. ప్రోస్టేట్ మూత్రాశయం కిందే ఉంటుంది, మూత్రనాళం దాని మధ్యలోంచే వస్తుంది, అందుకని గ్రంథి తీశాక మూత్రాశయాన్ని కింద మిగిలిన నాళానికి కలిపి కుడతారు, ఆ కుట్టు మానేదాకా వారం పది రోజులు పైపు, బ్యాగూ. ఇంతకాలం పైనున్న కండరం కూడా మూత్రాన్ని ఆపేది, ఇప్పుడు బరువంతా కిందిదాని మీదే. దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా నాలుగు చుక్కలు. చాలామందికి నెలల మీద తగ్గుతుంది, ఏడాది పట్టొచ్చు, కొందరికి కొంత మిగిలిపోతుంది. ఆ కింది కండరాన్ని బిగబట్టి వదిలే కెగెల్ వ్యాయామం ఆపరేషన్‌కి ముందే నేర్పితే మంచిదట. మాకు పైపు తీశాక చెప్పారు!

ఇంకోటి, కొడుకుగా నేను అడగలేనిది. అంగస్తంభనకి పనికొచ్చే నరాలు గ్రంథికి రెండు పక్కలా అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని కోయకుండా కాపాడే పద్ధతి 1982లో అమెరికాలో ప్యాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. అలా కాపాడినా కోలుకోవడానికి ఏడాది రెండేళ్లు పట్టొచ్చు, కోలుకోకపోవచ్చు కూడా. "68 ఏళ్లకి అదెందుకురా" అనేశాడు మా బావ. నాకు ఒళ్లు మండింది. ఆ మాట నాన్న అనాలి, ఆయనెవరు?

బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేసి, కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ ఇచ్చి, మిగిలినవాళ్లని పరీక్షలతో కనిపెట్టుకుంటూ వచ్చారు. 15 ఏళ్లకి ఏ గుంపులో చూసినా ఈ జబ్బుతో పోయినవాళ్లు 100కి ఇద్దరు ముగ్గురే. కాకపోతే వాళ్లలో ఎక్కువమందిది అంత దూకుడు రకం కాదు. క్యాన్సర్ ఎంత దూకుడుదో చెప్పే గ్లీసన్ స్కోరు నాన్నకి 8, కనిపెట్టుకుని కూర్చునే రకం కాదు, కాబట్టి చేయించడం తప్పని నేననను. లుంగీల సంగతి ముందే అడగకపోవడం మాత్రం నా తప్పే.

మొన్న ఆదివారం తనంతట తనే అరసవల్లి వెళ్దామన్నాడు, అదీ బస్సులో. పొద్దున టీ మానేశాడు, సంచిలో మూడు ప్యాడ్లూ ఇంకో పంచే పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక, ఒకటే తడిసిందని అమ్మతో మెల్లగా చెప్తుంటే విన్నాను.