డిజిటల్ విధానాలు రాసే కొలువులు

ఇంజినీరింగ్ లేదా న్యాయశాస్త్రం పూర్తి చేసి, ప్రభుత్వంలో డిజిటల్ విధానాల రూపకల్పన వైపు వెళ్లాలనుకునే యువతీయువకులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి ఏ కోర్సు చదవాలి? కోర్సు సంగతి తరువాత చూసుకోవచ్చు. ఆ కొలువులో రోజూ చేయవలసిన పని ఏమిటో, అక్కడ ఫైలులో రాసే ఒక్క వాక్యం ఎవరి ఇంటి దాకా వెళుతుందో ముందుగా తెలుసుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో మొదలైన మీసేవను చాలామంది సాఫ్ట్‌వేర్ సాధించిన విజయంగా చెబుతారు. అంతకుముందు తహసీల్దారు సంతకం, దాని పక్కన గుండ్రటి ముద్ర ఉంటే తప్ప ఆదాయ ధ్రువపత్రానికి విలువ ఉండేది కాదు. అటువంటిది, వీధి చివర ఒక ప్రైవేటు కేంద్రంలో ప్రింటరు నుంచి వచ్చిన కాగితాన్ని కళాశాలలూ బ్యాంకులూ ఎలా అంగీకరించాయి? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. 2008 సవరణలో చేరిన 6ఏ సెక్షన్, ప్రభుత్వ సేవలను ప్రైవేటు నిర్వాహకుల ద్వారా అందించి, అందుకు రుసుము వసూలు చేసుకునే వీలు ఇచ్చింది. దాని ఆధారంగా రాష్ట్రం 2011లో ఎలక్ట్రానిక్ సేవల నిబంధనలు తెచ్చింది. ఏ సేవను కౌంటరులో అప్పటికప్పుడు ఇచ్చే ‘ఏ’ కేటగిరీలో పెట్టాలి, దేనిని విచారణ జరిపి గడువులోగా ఇచ్చే ‘బి’ కేటగిరీలో పెట్టాలి, ఆ గడువు ఎన్ని రోజులు, అది దాటితే జవాబు చెప్పవలసిన అధికారి ఎవరు అనే నిర్ణయాలన్నీ ప్రోగ్రామరు చేతికి రాకముందే ఎవరో కూర్చుని, శాఖలవారీగా వాదించి, ఒప్పించి రాసినవి. నేను డిజిటల్ విధాన రచన అంటున్నది ఈ పనినే.

ఈ పనిలోనే ఒక జీవితకాలపు వృత్తిని నిర్మించుకోవచ్చునని చూపిన అధికారి జె. సత్యనారాయణ. ఐఏఎస్ అధికారిగా 1990లలో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణకు, అంటే ‘కార్డ్’ ప్రాజెక్టుకు సారథ్యం వహించిన ఆయన, తరువాత కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ విభాగానికి కార్యదర్శిగా, ఆధార్ ప్రాధికార సంస్థకు ఛైర్మన్‌గా పనిచేశారు. 2019లో జాతీయ డిజిటల్ ఆరోగ్య ప్రణాళికను రూపొందించిన కమిటీకి కూడా ఆయనే అధ్యక్షులు. ఒక సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు ఎలా నడుస్తుందో తెలిసినవారు దేశస్థాయి ప్రమాణాలు రాయడం ఎంత అవసరమో తెలియాలంటే, అలా జరగనప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి.

తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల డేటాను పేర్లు, చిరునామాల ఆధారంగా సరిపోల్చి, రేషన్ కార్డుకు ఎవరు అర్హులు కారో తేల్చడానికి ఉపయోగపడింది. రిక్షా తొక్కే మనిషికి కారు ఉన్నట్లు నమోదైతే ఆ కుటుంబానికి కార్డు దక్కలేదు. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక్కడ లోపమంతా అల్గారిథందే అనడం నాకు తృప్తినివ్వదు. కార్డు తొలగించే ముందు నోటీసు ఇవ్వాలి, ఫలానా కారణమని తెలుగులో, ఉర్దూలో రాతపూర్వకంగా చెప్పాలి, ఎవరికి అప్పీలు చేసుకోవాలో అదే కాగితం మీద ఉండాలి అనే నియమం ముందుగా రాసి, దానిని సాఫ్ట్‌వేర్ టెండరు షరతుల్లోనే చేర్చి ఉంటే, ఆ తప్పు వేల ఇళ్లకు పాకకముందే పట్టుబడేది. టెండరు వెలువడ్డాక చేర్చబోయే ప్రతి షరతుకూ గుత్తేదారు అదనపు ఖర్చు అడుగుతాడు, శాఖ వాయిదా వేస్తుంది. అందుకే ఈ ఉద్యోగంలో చేరేవారు టెండరు పత్రం చదవడం, రాయడం తప్పక నేర్చుకోవాలి.

ఇక దారుల విషయానికి వస్తే, సివిల్ సర్వీసెస్ అందరికీ తెలిసినదే. ప్రభుత్వ శాఖలకు కంప్యూటర్ సేవలందించే కేంద్ర సంస్థ ఎన్‌ఐసీలో సైంటిస్ట్-బి హోదాతో చేరేవారు సాంకేతిక పక్షం నుంచి వస్తారు. జాతీయ ఈ-గవర్నెన్స్ విభాగమూ, రాష్ట్రాల ఐటీ శాఖలూ, హైదరాబాద్‌లోని ఎన్‌ఐఎస్‌జీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ స్మార్ట్ గవర్నెన్స్), సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ వంటి సంస్థలూ నిపుణులను ఎక్కువగా కాంట్రాక్టు మీద తీసుకుంటాయి. ఈ కాంట్రాక్టు పద్ధతి పట్ల నాకు గట్టి అభ్యంతరం ఉంది. విధానం రాసిన మనిషి అది అమలయ్యేనాటికి అక్కడ లేకపోతే, ఆ షరతు ఎందుకు పెట్టారో చెప్పేవారే మిగలరు. కేంద్ర ప్రభుత్వ పైస్థాయి పోస్టుల్లో బయటి నిపుణులకు నేరుగా ప్రవేశం (లేటరల్ ఎంట్రీ) కల్పించే ప్రయత్నం 2018లో మొదలైనా, 2024 ఆగస్టులో 45 పోస్టులకు ఇచ్చిన ప్రకటనను రిజర్వేషన్ల వివాదం వల్ల కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

అడుగు మెట్టును మాత్రం చిన్నచూపు చూడకండి. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ పోస్టులు వచ్చాయి. వేలిముద్ర అరిగిపోయిన కూలీ ముందు యంత్రం మొరాయించినప్పుడు ఏం చేయాలో, సర్వరు ఆగిన రోజున దరఖాస్తు తేదీ ఎలా నమోదవుతుందో వారికి తెలిసినంతగా రాష్ట్ర సచివాలయంలో ఏ సలహాదారుకూ తెలియదు. ఆ అనుభవం ఉన్నవారు గ్రూప్-1 రాసి పైకి వెళ్లాలని, డిప్యుటేషన్‌పై ఐటీ శాఖకు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఇప్పుడు కొత్తగా పుడుతున్న పని ఒకటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రభుత్వ శాఖలకు కొన్ని మినహాయింపులిచ్చినా, సబ్సిడీలు, ధ్రువపత్రాల కోసం పౌరుల సమాచారాన్ని వాడుకునేటప్పుడు నిర్దేశిత ప్రమాణాలను పాటించాలని చెప్పింది. ప్రతి జిల్లా కార్యాలయంలో ఏ రిజిస్టరులో ఎవరి వివరాలున్నాయి, ఎన్నేళ్లు ఉంచాలి, ఎవరికి చూపవచ్చు అని లెక్క తేల్చవలసినవారు కావాలి. చట్టం చదవగలిగి, డేటాబేస్ పట్టిక చూసి అర్థం చేసుకుని, తహసీల్దారుకు సూటిగా తెలుగులో నోట్ రాయగలవారు అరుదు. ఈ మూడూ వచ్చినవారు దరఖాస్తు పెట్టుకునే ముందు, మీ మండలంలో తిరస్కరణకు గురైన మీసేవ దరఖాస్తులు కొన్నింటిని దరఖాస్తుదారుల అనుమతితో తెప్పించుకుని, వాటిలో కారణం అన్న గడిలో ఏమి రాశారో, దాన్ని ఎలా రాసి ఉండవలసిందో మీ మాటల్లో తిరిగి రాసి చూడండి. ఇంటర్వ్యూలో చూపడానికి అంతకన్నా మంచి పని నాకు తోచడం లేదు.