4కె మానిటర్ పరీక్ష: ప్యానెల్‌ను తిట్టేముందు తేల్చుకోవాల్సినవి

27 అంగుళాల 4కె మానిటర్ ఒకదాన్ని క్షుణ్ణంగా పరీక్షించడం ఇవాళే ముగిసింది. చూసిందంతా మరుగున పడకముందే రాస్తున్నాను. బొమ్మ బాగాలేదనగానే అందరి వేలూ ప్యానెల్ (బొమ్మను చూపే తెర భాగం) వైపే వెళ్తుంది. ఈసారి తప్పంతా దారిలో ఉంది. కంప్యూటర్ పంపిన పిక్సెల్ తెరమీది పిక్సెల్‌కి చెక్కుచెదరకుండా చేరిందో లేదో తేల్చుకోకుండా రంగులకూ, కాంట్రాస్ట్‌కూ మార్కులు వేస్తే ఆ మార్కులకు విలువ లేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఆన్ చేసి అరగంట వదిలేయాలి, వెలుగు నిలకడకు రావడానికి ఆ మాత్రం పడుతుంది. మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయాలి. కంప్యూటర్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాను పెంచి చూపే పద్ధతి) కూడా ఆపాలి. మెత్తని పొడిగుడ్డతో తెర తుడవాలి, లేకపోతే దుమ్ము రేణువే చచ్చిన పిక్సెల్‌లా కనిపిస్తుంది.

చచ్చిన పిక్సెళ్ల కోసం నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిండు తెరలను ఒక్కొక్కటిగా పెట్టాను. తెలుపు ఒక్కటీ చూసి ఊరుకోవద్దు. ఒకే సబ్‌పిక్సెల్ (పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాల్లో ఒకటి) ఆరిపోతే తెలుపులో అది కంటికి చిక్కదు, దాని సొంత రంగు తెరమీద మాత్రం నల్లచుక్కగా దొరికిపోతుంది. వారంటీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఐఎస్‌ఓ 13406-2 ప్రమాణం రెండో తరగతి లెక్కలో ప్రతి పది లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ ఆరి ఉండేవి 2, సబ్‌పిక్సెల్ లోపాలు 5 ఉన్నా లోపం కిందికి రావు. 4కె తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. అంటే వెలిగే చుక్కలు 16 ఉన్నా ఆ లెక్కన తెర బాగున్నట్టే! ఆ ప్రమాణం స్థానంలో ఐఎస్‌ఓ 9241-307 వచ్చింది గానీ, కొనేవాడిని కాపాడేది వాపసు గడువే. కొనేముందు చదవాల్సిన కాగితం అది.

అసలు తిప్పలు అక్షరాల దగ్గర మొదలయ్యాయి. తెలుపు మీద నల్ల అక్షరాలు నిక్కచ్చిగా ఉన్నాయి. ముదురు నీలం మీద ఎరుపు అక్షరాలు మాత్రం తడి కాగితం మీద సిరాలా పాకాయి. సన్న గీతల అంచున తెల్లటి నీడ. తయారీ సంస్థ సహాయ కేంద్రం ఇచ్చిన జవాబు: "4కెలో అక్షరాలు చిన్నగా ఉంటాయండీ, స్కేలింగ్ పెంచుకోండి." స్కేలింగ్ అంటే తెరమీద అక్షరాలనూ బొమ్మలనూ పెద్దవి చేసే అమరిక. అక్షరం చిన్నదవడం వేరు, రంగు అలుక్కుపోవడం వేరు. ఈ తేడా తెలియని మనిషిని ఫోను దగ్గర కూర్చోబెట్టి కొన్నవాళ్ల కంటిచూపును అనుమానించడం అన్యాయం. పైగా ఇది మానిటర్ మెనూలో ఒక్క అమరికతో పోయే సమస్య.

దాన్ని పట్టుకోవడానికి పరీక్ష చిత్రం సొంతంగా చేసుకోవడం మంచిది. ఏదైనా బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో 3840×2160 కొలతతో కొత్త చిత్రం తెరవండి. ఒకచోట ఒక పిక్సెల్ వెడల్పున నలుపు, తెలుపు నిలువు గీతలు వరసగా గీయండి. పక్కన అలాంటివే అడ్డగీతలు. ఇంకోచోట ఎరుపు, నీలం నిలువు గీతలు. కింద నీలం మీద ఎరుపు అక్షరాలు, అంచులు నునుపు చేయకుండా. పీఎన్‌జీగానే దాచండి. జేపీజీ చాలాసార్లు రంగు వివరాన్ని తగ్గించే దాస్తుంది, అలాంటి ఫైలుతో తెరను పరీక్షించి లాభం లేదు.

చూపించేటప్పుడు స్కేలింగ్ 100 శాతం, చిత్రం జూమ్ 100 శాతం, నిండు తెర. స్కేలింగ్ 150 శాతంలో ఉంటే బ్రౌజర్ ఆ చిత్రాన్ని ఒకటిన్నర రెట్లు సాగదీస్తుంది, ఒక పిక్సెల్ గీతలు అలలు అలలుగా మారిపోతాయి. మ్యాక్‌లో "2560×1440లా కనిపించే" అమరిక ఉంటే, అది 5120×2880లో గీసి 3840×2160కి కుదిస్తుంది. అక్కడ ఒక పిక్సెల్ గీత ఎన్నటికీ ఒక పిక్సెల్‌గా దిగదు. అసలు రిజల్యూషన్‌కి మార్చాకే చూడండి.

ఇక భూతద్దం పట్టాలి. 27 అంగుళాల 4కెలో అంగుళానికి 163 పిక్సెళ్లు, ఒక్కోటి 0.155 మిల్లీమీటర్లు. చూపు మామూలుగా ఉన్నవాళ్లకు 53 సెంటీమీటర్లు దాటితే అవి విడివిడిగా కనిపించవు కాబట్టి ఉత్త కంటితో తీర్పు చెప్పలేం. భూతద్దంలో నలుపు, తెలుపు గీతలు పలకమీద గీసినట్టు విడిగా ఉన్నాయి, ప్రతి తెల్ల గీతలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పుల్లలు మూడూ వరసగా వెలుగుతున్నాయి. పక్కకు జరిపితే ఎరుపు, నీలం గీతలు ఉండాల్సినచోట ఎరుపూ లేదు, నీలమూ లేదు, వెలుగులో కొద్ది తేడా తప్ప అంతటా ఊదా రంగు ముద్ద.

దీనికి కారణం క్రోమా కోత, అంటే రంగు సమాచారాన్ని తగ్గించి పంపడం. 4:4:4లో ప్రతి పిక్సెల్‌కీ సొంత రంగు వెళ్తుంది. 4:2:2లో పక్కపక్క పిక్సెళ్లు రెండూ ఒకే రంగు సమాచారాన్ని పంచుకుంటాయి. 4:2:0లో రెండు వరసల నాలుగు పిక్సెళ్లకు ఒకటే. వెలుగు సమాచారం మాత్రం పూర్తిగా వెళ్తుంది, అందుకే నల్ల అక్షరాలు నిక్షేపంగా ఉంటాయి. సినిమా చూస్తే ఈ తేడా తెలియదు. రంగు రంగుల కోడ్, పటాలు, లెక్కల పట్టికలు చూసేవాళ్లకు మాత్రం కళ్లు లాగేస్తాయి.

కోత ఎందుకు పడిందో లెక్క చూస్తే తెలుస్తుంది. 4కె, 60 హెర్ట్జ్, 8 బిట్ ఆర్‌జీబీకి (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 8 బిట్లు, రంగు కోత లేకుండా) సెకనుకు సుమారు 14.3 గిగాబిట్లు కావాలి. హెచ్‌డీఎంఐ 2.0లో చిత్రానికి దక్కేది 14.4, సరిగ్గా సరిపోతుంది. హెచ్‌డీఎంఐ 1.4లో దక్కేది 8.16 మాత్రమే. అప్పుడు 30 హెర్ట్జ్‌కి దిగాలి, లేదా 4:2:0తో సగానికి కుదించి 60 నిలబెట్టాలి. మానిటర్ మెనూలో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పాత పరికరాల కోసం 1.4 మోడ్‌లో అమర్చి ఉంది. దాన్ని 2.0కి మార్చగానే ఊదా ముద్ద విడిపోయి గీతలైంది. ఆ క్షణం పడ్డ ఊరట చెప్పలేను.

ఇంకో ఉచ్చు 10 బిట్. హెచ్‌డీఎంఐ 2.0 మీద 60 హెర్ట్జ్‌లో 10 బిట్ ఎంచుకుంటే ఆర్‌జీబీ పట్టదు, రంగు 4:2:2కో అంతకంటే కిందికో దిగాల్సిందే. రెండూ కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.2 లేదా ఆ పైది వాడండి, చిత్రానికి 17.28 గిగాబిట్లు దక్కుతాయి. యూఎస్‌బీ-సీ తీగతో కలిపినప్పుడు 4కె 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతే, తీగలోని సగం దారులు యూఎస్‌బీ డేటాకి పోతున్నాయేమో చూడండి. చాలా మానిటర్లలో యూఎస్‌బీ వేగాన్ని 2.0కి తగ్గించే అమరిక ఉంటుంది. విండోస్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దగ్గర రిఫ్రెష్ రేటు, బిట్ డెప్త్, కలర్ ఫార్మాట్ మూడూ కనిపిస్తాయి. మార్చాల్సింది మాత్రం గ్రాఫిక్స్ కార్డ్ సాఫ్ట్‌వేర్ కంట్రోల్ ప్యానెల్‌లో.

అంచున తెల్ల నీడకు కారణం షార్ప్‌నెస్, అంటే అంచులను కృత్రిమంగా ఎత్తిచూపే అమరిక. అది సున్నాలో ఉంటే సరైనదనుకోవద్దు. కొన్నిటిలో సున్నా మసక, మధ్యలో ఎక్కడో అసలు స్థితి ఉంటుంది. సన్న గీతను చూస్తూ తగ్గించుకుంటూ పోయి, నీడ పోయి మసక ఇంకా రాని చోట ఆపాలి. ఇవన్నీ సరిచేశాక కూడా అక్షరాల అంచున రంగు గీర కనిపిస్తే సబ్‌పిక్సెళ్ల అమరిక చూడండి. నీలం ముందొచ్చే ప్యానెళ్లలోనూ, ఓఎల్‌ఈడీ రకాల్లోనూ, తెరను నిలువుగా తిప్పినప్పుడూ అది వస్తుంది. విండోస్‌లో అక్షరాల అంచులను సరిదిద్దే క్లియర్‌టైప్ ట్యూనర్ నడిపితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

నలుపు విషయానికొస్తే, 0 నుంచి 20 దాకా విలువలున్న గడులు గీసి చూశాను (0 పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు). 16 దాకా అన్నీ ఒకే నలుపులో మునిగిపోతే కార్డ్ పూర్తి పరిధి పంపుతోంది, మానిటర్ 16ను నలుపుగా, 235ను తెలుపుగా తీసుకునే కుదించిన పరిధి అనుకుంటోంది. గడులన్నీ కనిపిస్తూ నలుపే బూడిదగా ఉంటే అది తలకిందులు. రెండు వైపులా ఫుల్ అని పెడితే సరి. చాలామంది "ఐపీఎస్‌లో నలుపు ఇంతే" అని సర్దుకుపోయేది ఇక్కడే. ఐపీఎస్ అంటే ఎల్‌సీడీ ప్యానెళ్లలో ఒక రకం.

గామాకి (బూడిద ఛాయలు ఎంత ముదురుగా కనిపించాలో చెప్పే లెక్క) ఖరీదైన మీటరు లేకపోయినా సుమారుగా తేల్చవచ్చు. ఒక పిక్సెల్ నలుపు, తెలుపు అడ్డగీతల పక్కన 186 విలువ ఉన్న బూడిద గడి పెట్టి దూరం జరగండి. గామా 2.2 అయితే రెండూ కలిసిపోతాయి. గడి ముదురుగా కనిపిస్తే గామా ఎక్కువ, లేతగా కనిపిస్తే తక్కువ. తెర వెడల్పంతా 0 నుంచి 255 దాకా బూడిద వాలు గీస్తే 8 బిట్‌లో ఒక్కో మెట్టు 15 పిక్సెళ్లు రావాలి. కొన్ని మెట్లు రెట్టింపు వెడల్పుంటే, మధ్యలో గులాబీ, పచ్చ ఛాయలు పడితే మెనూలో కాంట్రాస్ట్‌నూ రంగులనూ అతిగా కదిపారన్నమాట. కాంట్రాస్ట్ పెంచేకొద్దీ 250 పైన తేడాలు తెలుపులో కలిసిపోతాయి.

మూలల వెలుగు చీకటి గదిలో నల్లతెర మీద చూడాలి. రెండు మీటర్లు వెనక్కి జరిగితే తగ్గిపోయేది ఐపీఎస్ గ్లో, ప్యానెల్ స్వభావం. ఎక్కడినుంచి చూసినా కదలనిది బ్యాక్‌లైట్ లీకు, మార్చమని అడగాల్సింది దాన్నే. ఫోన్ కెమెరా ఆటో మోడ్‌లో లీకును రెట్టింపు చేసి చూపిస్తుంది. ఎక్స్‌పోజర్ చేత్తో తగ్గించి, ఫొటో కంటికి కనిపించినట్టు ఉండేలా తీసి పంపండి. అతిశయించిన ఫొటోను దుకాణం వాళ్లు ఒక్కమాటతో తోసేస్తారు.

హెచ్‌డీఆర్ ఆఖరున చూశాను. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్రకు (హెచ్‌డీఆర్ తెరలకిచ్చే ధ్రువీకరణల్లో కింది మెట్టు) లోకల్ డిమ్మింగ్ (చీకటి చోట్ల తెర వెనక వెలుగును తగ్గించడం) అక్కర్లేదు. దాదాపు 1000:1 కాంట్రాస్ట్ ఉన్న మామూలు ఐపీఎస్ మీద ఆ ముద్ర ఉన్నంత మాత్రాన నలుపు లోతు పెరగదు. అయినా వాడేవాళ్లు హెచ్‌డీఆర్ ఆన్ చేశాక కలర్ ఫార్మాట్ మళ్లీ చూడండి. హెచ్‌డీఎంఐ 2.0 మీద 10 బిట్ కోసం అది చెప్పాపెట్టకుండా 4:2:2కి దిగి ఉండొచ్చు, ఆఫ్ చేశాక ఆర్‌జీబీకి తిరిగి వచ్చిందో లేదో కూడా అక్కడే కనిపిస్తుంది.