గ్రెనోబుల్ కొండ మీద నుంచి ఇంటికి ఫోను

ఆఫీసు పని ఫ్రాన్స్‌లోని లియోన్‌లో. ఒకరోజు సెలవు దొరికితే రైలెక్కి గ్రెనోబుల్ వెళ్లాను. గంటన్నర ప్రయాణం. మా చెల్లికి ఆరేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.). శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే నరాల మీది మైలిన్ పొరను తినేసే జబ్బు. దాని వెనక పాత వైరస్ ఒకటి ఉందేమోనన్న అనుమానం పుట్టింది ఈ ఊళ్లోనే. అందుకే చూడాలనిపించింది.

ఇజేర్ నది ఒడ్డున గుండ్రటి గాజు బుడగల్లాంటి కేబుల్ కార్లు ఎక్కితే బాస్టీ కోట దగ్గర దింపుతాయి. ఎదురుగా బెల్‌డాన్ కొండల మీద మంచు. కింద ఊరు. 1989లో ఇక్కడే పరిశోధకుడు ఎర్వే పెరాన్ బృందం, ఒక ఎం.ఎస్. రోగి మెదడు పొరల కణాలను పెంచుతుంటే వాటిలో రెట్రోవైరస్ (తన జన్యువులను కణం డీఎన్ఏలో చొప్పించే రకం వైరస్) రేణువులు కనిపించాయి. అది బయటి నుంచి అంటుకున్నది కాదని తర్వాత తేలింది. కోట్ల ఏళ్ల కిందట మన పూర్వజీవుల డీఎన్ఏలో చేరి, తరతరాలుగా దిగివచ్చిన హెర్వ్-డబ్ల్యూ కుటుంబం అది. మన డీఎన్ఏలో దాదాపు 8 శాతం ఇలాంటి పాత వైరస్‌ల ముక్కలే. మామూలుగా నిద్రపోతుంటాయి. ఎప్‌స్టీన్-బార్ లాంటి వైరస్ సోకితే లేస్తాయని ల్యాబ్‌లలో చూశారు. లేచినదాని ప్రొటీన్ వాపును రెచ్చగొడుతుంది. అయితే జబ్బుకు అదే మూలమా, జబ్బు వల్ల అది లేచిందా అన్నది ఇంకా తేలలేదు. ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే టెమెలిమాబ్ మందు పరీక్షల్లో మెదడులోని కొత్త వాపు మచ్చలను ఆశించినంత తగ్గించలేకపోయింది. మెదడు కుంచించుకుపోవడం కాస్త నెమ్మదించిన సూచనలు మాత్రం కనిపించాయి. ఆ కాస్తనే నేను గట్టిగా పట్టుకున్నాను.

కోట గోడ పక్కన కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ తీసింది. విషయం చెప్పగానే, ఆరేళ్లుగా అడిగే ప్రశ్నే మళ్లీ అడిగింది.

"అంటే నా కడుపులోంచే వచ్చిందా చెల్లికి?"

"ఆ పాత వైరస్ అందరిలోనూ ఉందమ్మా, నాలోనూ ఉంది. ఇంకోటి విను. బిడ్డకు తిండి అందించే మాయ ఉంటుంది చూడు, అది సరిగ్గా కట్టుకోవడానికి సిన్‌సిటిన్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేసేది ఈ కుటుంబం వైరస్ వదిలిన జన్యువే. 2000లో కనిపెట్టారు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"అయితే మీ ఇద్దరూ నా కడుపులో నిలబడింది దాని సాయంతోనా?"

"అవునమ్మా."

"ఉండు, స్పీకర్ పెడతాను. చెల్లి పక్కనే ఉంది. మళ్లీ మొదటి నుంచి చెప్పు."