తూకం తరువాత బాస్ చేప ఏమవుతుంది?

గత జులైలో మా క్లబ్ చేపలు పట్టే టోర్నమెంట్ ముగిసిన మూడో రోజు సాయంత్రం, డాలస్‌కు ఉత్తరాన మేము తరచు వెళ్ళే జలాశయం గట్టు వెంట నడుస్తుండగా, పడవలు దింపే ర్యాంపు పక్కన గడ్డిలో నాలుగు బాస్ చేపలు పొట్టలు పైకి తిరిగి తేలుతూ కనిపించాయి. ఒకదాని కింది దవడకు సన్నని చిల్లు ఉంది. పడవలో ఏ చేప ఎంత బరువో గుర్తుండటానికి మేము తగిలించే క్లిప్పు చేసిన చిల్లు అది. గెలుపు తేల్చే తూకం ముగిసిన రోజున ఒక్క చేపా చావలేదని చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇది లార్జ్‌మౌత్ బాస్. మన పండుగప్పను ఇంగ్లీషులో సీబాస్ అన్నా దీనికి చుట్టం కాదు, ఇది మంచినీటి చేప. పట్టిన చేపను చంపవద్దని అమెరికాలో బాస్ పోటీల నిర్వాహకుడు రే స్కాట్ 1972లో ప్రచారం మొదలుపెట్టిన నాటి నుంచి, టోర్నమెంట్లలో చేపలను లైవ్‌వెల్ అనే నీటి తొట్టెలో ఉంచి, తూచి, తిరిగి వదలడం ఆచారమైంది. చచ్చిన చేపను తెస్తే బరువులో కోత పడుతుంది. అయితే ఆ కోత తూకం నాటికి చచ్చిన చేపకే. ఈదుకుంటూ వెళ్ళి మూడు నాలుగు రోజులకు చచ్చేది ఎవరి లెక్కలోకీ రాదు.

అసలు శత్రువు వేడి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించి నిలవదు. అదే వేడిలో చేపకు కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. భీమవరం దగ్గర మా నాన్నగారి చెరువులో వేసవి తెల్లవారుజామున బొచ్చెలు పైకి తేలి నోళ్ళు తెరిస్తే, ఇంటిల్లిపాదీ లేచి నీటిలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గరకు పరుగెత్తేవాళ్ళం. అలా పెరిగిన నేను, ఐదు పెద్ద చేపలున్న తొట్టెకు పంపు ఆపి ఆపి నడిపితే చాలని ఇన్నాళ్ళు ఎలా అనుకున్నానో నాకే బాధగా ఉంది.

ఇప్పుడు నా పడవలో పంపు ఆగదు. కుళాయి నీటి క్లోరిన్ తొట్టెలో కలవకుండా, మూత బిగించిన సీసాలలో గడ్డకట్టించిన మంచును వేసి, తొట్టె నీటిని జలాశయం నీటికన్నా మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే చల్లగా ఉంచుతున్నాను. అంతకు మించితే ఆ తేడాయే చేపను కుంగదీస్తుంది. తొట్టె నీటిలో కలపడానికి లీటరుకు 5 గ్రాముల చొప్పున, అయోడిన్ లేని ఉప్పును ఇంట్లోనే తూచి పొట్లం కట్టి తీసుకువెళుతున్నాను.

తూకం వరుసలో జరిగేది ఇంతకన్నా ఘోరం. ఎండలో, సంచిలో నాలుగు వేళ్ళ నీళ్ళలో ఐదు చేపలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. మొప్పలు వేగంగా కొట్టుకుంటాయి, రెక్కల మొదళ్ళు ఎర్రబడతాయి, ఎవరో ఫోటో అడుగుతారు. సంచిలో చేప రెండు నిమిషాలకు మించి ఉండకూడదు. పడవలను ఒక్కొక్కటిగా పిలిచి, వరుస పొడవునా గాలి ఆడే తొట్టెలు పెడితే ఇది కష్టం కాదు. 30 అడుగుల లోతు నుంచి లాగిన చేప సంగతి వేరు: పైకి రాగానే ఉబ్బిన గాలి తిత్తిలోని గాలిని అది నోటి గుండా వదలలేదు, కిందికి దిగలేక పైనే ఎండకు మాడుతుంది. అలవాటైన చేయి సూదితో ఆ గాలిని తీయగలదు. తెలియని చేయి పేగులను గుచ్చుతుంది.

ఇవన్నీ చేసినా, వేసవిలో చేపను ఏడు గంటలు మోయడమే తప్పని నా అభిప్రాయం. 2011లో మొదలైన మేజర్ లీగ్ ఫిషింగ్ అనే సంస్థ ప్రధాన పోటీలలో చేపను పడవలోనే తూచి అక్కడికక్కడే వదులుతారు. కయాక్ అనే చిన్న తెడ్డు పడవల పోటీలలో కొలబద్దపై పెట్టి ఫోటో తీసి వదులుతారు. మోసం జరుగుతుందని కొందరు పెద్దలు అంటున్నారు. మా పడవలలో ఇద్దరేసి ఉంటాం కాబట్టి, ఒకరి తూకానికి మరొకరు సంతకం చేయవచ్చు. వేదిక మీద పిల్లలు చేపను చూసి మురిసిపోయే ఆ పది నిమిషాలు పోతాయన్నది నిజమే, నాకూ అది ఇష్టమే. అందుకే చల్లని నెలల తూకాన్ని మానమనడం లేదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకే పడవలోనే తూచి వదిలేద్దామని అడుగుతున్నాను.

వచ్చే నెల సమావేశంలో ఈ ప్రతిపాదన ఓటుకు వస్తుంది. ఆ సాయంత్రం గట్టు మీద తీసిన నాలుగు ఫోటోలను ప్రింటు వేయించి తీసుకువెళుతున్నాను.