పట్టించుకోకు అన్నవాళ్ళకి

నా ఫోన్లో 'చెత్త' అని ఒక ఫోల్డర్ ఉంది. ఇవాళ్టికి అందులో 212 స్క్రీన్‌షాట్లు, అన్నీ నేను ఆన్‌లైన్‌లో రాసేవాటి కింద వచ్చిన చెత్త కామెంట్లే. నేను రాసేదేమో చదరంగం గురించి. ఎవరు ఏ ఎత్తు ఎందుకు వేశారు, ఎక్కడ తడబడ్డారు, ఇంతే. "ముందు వంటింట్లో ఎత్తులు నేర్చుకో" అని మొదటిసారి ఎవరో రాస్తే నవ్వొచ్చింది. ఇరవయ్యోసారికి రాలేదు.

పట్టించుకోకు అన్నారు అందరూ. అక్క అంది, స్నేహితులు అన్నారు. పట్టించుకోకుండా ఉండటం కూడా ఒక పనేనని వాళ్ళకెలా చెప్పను? పోస్ట్ పెట్టేసి ఫోన్ బోర్లా పెట్టి, తెరవాలా వద్దా అని అరగంట టెన్షన్ పడటం, ఆ పని.

ఒక ఆదివారం అన్నీ డిలీట్ చేద్దామని కూర్చుని, ఎందుకో వాటిని విడదీయడం మొదలుపెట్టాను. ఆట గురించి మాట్లాడినవి నాలుగే. 31 మంది నా మొహానికి పెళ్ళి కాదన్నారు. నా డీపీలో ఉన్నది గుర్రం బొమ్మ.

అంటే వాళ్ళు నాతో మాట్లాడటం లేదు. ఎవరి చేతికో అందిన కాగితాన్ని అందరూ కాపీ కొడుతున్నారు. అమెరికన్ రచయిత శాడీ డోయల్ 2011లో 'మెన్‌కాల్‌మీథింగ్స్' (మగాళ్ళు నన్ను అనే మాటలు) అనే హ్యాష్‌ట్యాగ్ మొదలుపెట్టారు. తమకొచ్చిన తిట్లను ఆడవాళ్ళు ఒకచోట పెట్టారు. రాజకీయాలు రాసినా, ఆటలు రాసినా తిట్లు మాత్రం అవే. ఒక్కరి దగ్గరుంటే అది 'నా గొడవ'. పక్కపక్కన పెడితేనే దాని అసలు ఆకారం కనపడింది.

2013లో బ్రిటన్‌లో కరోలిన్ క్రియాడో పెరెజ్ సంగతి ఇంకా చిత్రం. రాణి బొమ్మ కాక, నోట్ల మీద ఇంకో ఆడమనిషి ఉండాలని ఉద్యమం నడిపింది. 10 పౌండ్ల నోటు మీద జేన్ ఆస్టెన్ వస్తుందని ప్రకటించగానే అత్యాచారం చేస్తాం, చంపుతాం అని ఆమెకు ట్వీట్లు. నోటు మీద బొమ్మకి! ఆమె ఊరుకోలేదు, బయటపెట్టింది. దుర్భాషను రిపోర్ట్ చేయడానికి బటన్ కావాలన్న పిటిషన్‌కి లక్షకు పైగా సంతకాలు వచ్చాయి, ట్విట్టర్ దిగొచ్చింది. 2014 జనవరిలో ఇద్దరికి జైలు శిక్ష పడింది. అందులో ఒకరు ఆడమనిషే. ఇది మగవాళ్ళ రోగం మాత్రమే అనుకునేవాళ్ళకి ఈ ముక్క చెబుతుంటాను.

అది చదివిన ఊపులో నేనూ ఒకడి స్క్రీన్‌షాట్ పేరుతో సహా పెట్టేశాను. తెల్లారేసరికి వాడి ఫాలోవర్లు పెరిగారు, వాడి స్నేహితులంతా నా మీద పడ్డారు. పైగా నా తరఫున వచ్చినవాళ్ళలో కొందరు వాడి తల్లిని తిట్టారు. ఏ తిట్టు మీద పోరాడుతున్నానో అదే తిట్టు, నా కోసం! పోస్ట్ తీసేశాను. ఇప్పుడైతే పేరు కొట్టేసి, మాటలు మాత్రమే పెడతాను. బెదిరింపు అయితే లింకు, తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే రిపోర్ట్ కొడతాను. ముందే రిపోర్ట్ కొడితే ఒక్కోసారి అది మాయమైపోతుంది, మన చేతిలో సాక్ష్యం మిగలదు.

అన్నిటికన్నా పనికొచ్చింది ఇంకోటి. నాలాగే రాసే నలుగురం కలిసి కామెంట్లు మార్చుకుంటాం. నావి ఇంకొకమ్మాయి చదువుతుంది, ఆమెవి నేను చదువుతాను. ఎదుటివాళ్ళకొచ్చిన తిట్టు చదివితే కోపం వస్తుంది కానీ నిద్ర చెడదు.

నిన్న రాత్రి ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది: "ఈరోజు ఆరు. ఐదు మామూలువే, ఒకటి స్క్రీన్‌షాట్ తీసి దాచాను. ఇంకొకాయన నీ 23వ ఎత్తు విశ్లేషణ తప్పంటున్నాడు, అది మాత్రం చూడు."

బోర్డు ముందేసుకుని చూశాను. ఆయనే కరెక్ట్. దిద్దుకుని, థాంక్స్ చెప్పాను.