ఈగలు తోలే పండితుడు

పొద్దున్నే కరెంటు పోయింది, వైఫై లేదు, ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి వదిలేసిన సెబాస్టియన్ బ్రాంట్ ‘మూర్ఖుల ఓడ’ ఇంగ్లీషు అనువాదం ఫోన్‌లో కనిపిస్తే సరే కానీ అని మొదలెట్టా. 1494లో ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊళ్ళో అచ్చయిన జర్మన్ పద్యాలు, 112 అధ్యాయాలు, ఒక్కోదాంట్లో ఒక్కో రకం తిక్కమనిషి, అందరూ నరగోనియా అనే మూర్ఖుల రాజ్యానికి ఓడెక్కేస్తుంటారు. చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మలు కూడా ఉన్నాయి, వాటిలో చాలావరకు తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ అప్పటికింకా కుర్రాడుగా ఉన్నప్పుడు వేసినవే అంటారు.

ఇంతకీ ఓడెక్కే మొదటోడు ఎవడో తెలుసా, పుస్తకాలోడు! కళ్ళజోడు పెట్టుకుని, లావుపాటి పుస్తకాల మధ్య కూర్చుని, చేతిలో కుచ్చుకర్రతో ఈగలు తోలుతుంటాడు. చదవడు, చదివినా బుర్రకెక్కదు, కానీ ఎవరైనా శాస్త్రాల గురించి మాట్లాడితే చాలు అబ్బో అవన్నీ మా ఇంట్లో ఉన్నాయండీ అంటాడు. చెవులు కప్పి ఉన్నాయి కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే పిండిమర వాడి గాడిద బయటపడేది అని వాడే చెప్పుకుంటాడు. రాసిన బ్రాంట్ ఏమో అదే ఊళ్ళో లా ప్రొఫెసరు! తన జాతినే ముందు ఓడెక్కించాడంటే గుండెలు తీసిన బంటే.

ఆ తర్వాత మాత్రం నిజం చెప్పాలంటే సుద్దులు ఎక్కువైపోయాయి, ఒడ్డున నిలబడి అందర్నీ తిడుతున్నట్టే ఉంటుంది. ఈ విషయంలో నా ఓటు ఆ కాలపు డచ్ పండితుడు ఎరాస్మస్‌కే, 1511లో వచ్చిన ఆయన పుస్తకంలో మూర్ఖత్వమే ఒక ఆడమనిషిగా వచ్చి తన గొప్పలు తనే చెప్పుకుంటుంది, దెబ్బ ఎవరికి తగులుతుందో చివరిదాకా తెలీదు.

సాయంత్రం అమ్మతో గుడికెళ్తే, హారతి టైములో మా పక్కాయన ఫోన్‌లో స్థలం రిజిస్ట్రేషన్ గొడవంతా తీర్చేస్తున్నాడు, గంటలు మోగేకొద్దీ ఈయన గొంతు పెరుగుతోంది. నాకు నవ్వాగలేదు, ఎందుకంటే బ్రాంట్ 44వ అధ్యాయం అచ్చం ఇదే, చర్చికి డేగల్నీ కుక్కల్నీ వెంటేసుకుని వస్తారు, డేగ కాలి గజ్జెలు మోగుతుంటాయి, కుక్కలు మొరుగుతుంటాయి, చెక్క చెప్పులు టకటకలాడుతుంటాయి, ఇంకా కోర్టు వ్యవహారాలన్నీ అక్కడే తేలాలి. గుళ్ళో ఏంట్రా ఆ ఇకిలింపు అని అమ్మ మోచేత్తో పొడిచింది.

రాత్రి 65వది చదివా, నక్షత్రాలు చూసి మంచిరోజులు వెతుక్కునే వాళ్ళని ఉతికి ఆరేశాడు. అమ్మకి చదివి వినిపిద్దామనుకున్నా గానీ అప్పటికే అమ్మ పంచాంగం ముందేసుకుని తమ్ముడి గృహప్రవేశం గురించి సిద్ధాంతి గారితో ఫోన్‌లో ఉంది. శుక్రవారం అస్సలు పనికిరాదట, ఆదివారం తెల్లవారుజామున అయితే దివ్యంగా ఉందట. ఆదివారమైతే నాకు లీవు పెట్టే పని తప్పుతుంది, ఇంకేం మాట్లాడతా, ముహూర్తం బాగుందమ్మా ఖాయం చేసెయ్ అన్నా.