పొద్దున రెండు గంటలు కావాలని అడిగితే – నా అనుభవం

ఎన్నాళ్లుగానో సాగుతున్న రిపోర్టు నిన్న పంపేశాను. కోపం, ఊరట రెండూ ఇంకా తగ్గకముందే ఇది రాస్తున్నాను.

పని మీద మనసు నిలవట్లేదంటే ఎవరైనా ముందు ఫోన్ సంగతే చెబుతారు. నోటిఫికేషన్లు ఆపేశాను. పనిచేసేటప్పుడు ఫోన్ చేతికి అందనంత దూరంలో పెట్టాను. మొదట్లో చెయ్యి ఊరికే జేబు తడుముకునేది, తర్వాత మానేసింది. రాత్రి వేళకు పడుకోవడం అలవాటు చేసుకున్నాను. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పొమొడోరో పద్ధతి కూడా పట్టి చూశాను. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఆయన చదువుకునే రోజుల్లో వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టిన పద్ధతి అది. వాయిదా వేస్తూ వచ్చిన పనిని కదిలించడానికి బాగా పనికొస్తుంది. లెక్కలు సరిచూసే పనికి మాత్రం నాకు కుదరలేదు. అంకెలన్నీ బుర్రకెక్కేసరికి టైమర్ మోగేది.

అసలు చిక్కంతా ఆఫీసులోనే. చాట్‌లో మన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఉంటుంది కదా, మా మేనేజరుగారికి అదే హాజరుపట్టీ. అది పసుపు రంగుకు మారితే చాలు, "ఉన్నారా?" అని మెసేజ్ వచ్చేది. "ఉన్నాను సార్" అంటే అవతలి నుంచి ఇక మాటే ఉండదు. అడగాల్సింది ఏమీ లేదు, ఉన్నానో లేనో చూడటమే. ఈలోగా రిపోర్టులోని నాలుగో పట్టికలో పైనుంచి కలుపుకుంటూ వస్తున్న లెక్క తప్పిపోయేది. మళ్లీ మొదటి వరుస నుంచి మొదలు.

ఒక పని ముగించకుండా ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని, దాంతో కొత్త పని సరిగా సాగదని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. అది చదివాక ధైర్యం వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా చాట్ మూసేస్తాను, అర్జెంటయితే ఫోన్ చేయండి సార్ అని అడిగాను. అప్పుడు ఏమీ అనలేదు. టీమ్ మీటింగులో అందరి ముందూ, "రేపటినుంచి వీరు తపస్సులో కూర్చుంటారట, ఎవరూ భంగం చేయకండి" అన్నారు. అందరూ నవ్వారు. ఇదే బాధ రోజూ నాతో చెప్పుకునే పక్క సీటు అతను కూడా నవ్వాడు. మేనేజరు మాట కన్నా ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. పైగా, "మల్టీటాస్కింగ్ రాకపోతే ఈ రోజుల్లో కష్టమండీ" అని మేనేజరుగారి హితబోధ ఒకటి. బుర్ర పెట్టాల్సిన పనులు రెండు ఒకేసారి సాగవు, అటూ ఇటూ మారుతూ చేస్తాం అంతే. ఎప్పుడు మారాలో ముందే తెలిసినా, మారిన ప్రతిసారీ వేగం తగ్గుతుందని రోజర్స్, మాన్సెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లోనే ప్రయోగం చేసి చూపించారు. ఇదంతా తెలిసి కూడా అక్కడ నోరు పెగల్లేదు. తల దించుకుని కూర్చున్నాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

తర్వాత వాదించలేదు. కీబోర్డు పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఎవరు ఎప్పుడు కదిలించారో, ఏం అడిగారో, అది భోజనాల వేళ దాకా ఆగగలదో లేదో కొన్నాళ్లపాటు రాశాను. దాదాపు అన్నీ ఆగగలిగేవే. అదంతా ఒక పట్టికగా చేసి, కింద నేను అడిగిన రెండు గంటలు మళ్లీ రాసి, మెయిల్ పెట్టాను. "సరే, ట్రై చేయండి" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. మీరూ అడగదలచుకుంటే నోటిమాటగా అడగకండి, రాసి అడగండి. నలుగురి ముందు నవ్వేసినంత తేలిగ్గా మెయిల్‌ను నవ్వేయలేరు. జీతం ఇస్తున్నాం కాబట్టి మనిషి ధ్యాసను ఎప్పుడంటే అప్పుడు లాక్కోవచ్చు అనుకోవడం అన్యాయం. అలా లాక్కున్నాక పని ఎందుకు ఆలస్యమైందని అడగడం ఇంకా అన్యాయం.

ఇంకో అలవాటు కూడా కలిసొచ్చింది. ఆఫీసులో సీట్లోంచి లేచే ముందు, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక చీటీ మీద రాసి పెట్టేదాన్ని. సగంలో ఆగిన పని తలలో తిరుగుతూ ఉంటుంది కానీ, దానికి కచ్చితమైన ప్లాన్ వేసుకుంటే ఆ గోల తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు 2011లో రాశారు. నా చీటీలో ఒకరోజు ఇలా ఉంది: "పట్టిక 4, రవాణా ఖర్చు, రెండుసార్లు పడిందేమో చూడాలి." మర్నాడు చాట్ మూసేసి అక్కడే మొదలుపెట్టాను. నిజంగానే రెండుసార్లు పడింది. నాకన్నా సీనియర్లు చూసి పంపిన పట్టిక అది. వాళ్లెవరికీ కనపడని తేడా నేను పట్టుకున్నానని గర్వంగానే చెబుతున్నాను.

మధ్యాహ్నం పూట మాత్రం "ఉన్నారా?" ఇంకా ఆగలేదు. దాని మీద కూడా కాగితం మొదలుపెట్టాను. ఈసారి మెయిల్‌లో తన పేరు కూడా చేర్చమని పక్క సీటు అతను అడిగాడు, చేరుస్తానన్నాను.